‘సూడోలింఫోమా’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: పిడుదు కరిచిన చోట వచ్చే ‘సూడోలింఫోమా’ గురించి, అంటే లింఫోమా అనే క్యాన్సర్‌లా కనిపించే, క్యాన్సర్ కాని బుడిపె గురించి, జర్మనీలోని తెలుగువాళ్లకు కరపత్రం రాయాలి. ‘నకిలీ లింఫోమా’ అనవచ్చా?

జవాబు: ‘నకిలీ’ వద్దండి. నకిలీ నోటు, నకిలీ విత్తనం అన్నప్పుడు ఎవరో కావాలని మోసం చేశారనే అర్థం వస్తుంది. ‘కుహనా’ అయితే రాజకీయ తిట్టే. ఇక్కడ మోసమేమీ లేదు. పిడుదు లాలాజలానికో, చర్మంలో విరిగి ఉండిపోయిన దాని నోటి ముక్కకో, అది ఎక్కించిన బొరేలియా (లైమ్ వ్యాధి తెచ్చే) బాక్టీరియాకో ఎదురుతిరిగి లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు గుంపుకడతాయి. సూక్ష్మదర్శిని కింద ఆ గుంపు లింఫోమాలా ఉంటుంది. పొరబడేది చూసే కన్ను. అమీబాకు ‘మిథ్యాపాదాలు’ ఉంటాయని బడిలో చదివాం కదా, అదే దారిలో ‘మిథ్యా లింఫోమా’ అనండి.

ఇంకో జవాబు: పాఠ్యపుస్తకానికి ‘మిథ్యా’ బాగుంది. రోగికి మాత్రం ‘మిథ్య’ అంటే అసలు లేనిదే. బొరేలియా వల్ల వచ్చే రకంలో నీలం కలిసిన ఎర్రటి బుడిపె చేతికి తగులుతూనే ఉంటుంది, పిల్లలకు ఎక్కువగా చెవితమ్మె మీద, పెద్దలకు చనుమొన దగ్గర. స్వీడన్ చర్మవైద్యుడు బెఫ్వర్‌స్టెట్ 1943లో దీన్ని ‘లింఫడెనోసిస్ బెనిగ్నా క్యూటిస్’ పేరుతో వివరించారు. అందులో ‘అబద్ధం’ అనే ‘సూడో’ లేదు, ‘నిరపాయం’ అనే ‘బెనిగ్నా’ ఉంది. నాకు అదే నచ్చుతుంది. కరపత్రంలో ‘పిడుదు కాటు బుడిపె’ అని రాసి, పక్కనే ‘లింఫోమాలా కనిపిస్తుంది, క్యాన్సర్ కాదు’ అనండి. ‘కణితి’ అనకండి, ఆ మాటకే గుండె జారుతుంది. ‘దద్దురు’ కూడా కుదరదు, దద్దురు త్వరగా అణిగిపోతుంది, ఇది నెలల తరబడి ఉండగలదు.

ఇంకో జవాబు: ‘క్యాన్సర్ కాదు’ అనే వాక్యం నిర్ధారణ అయినవాళ్లకే అని స్పష్టంగా రాయాలి. ముక్క తీసి పరీక్షకు పంపేటప్పుడు పిడుదు కరిచిన సంగతి చీటీలో ఉండాలి, లేకపోతే ల్యాబులో లింఫోమా అని పొరబడే ప్రమాదం ఉంది. పైపైన గీకిన ముక్క చాలదు, లోతుగా తీయాలి. బి కణాల (ఒక రకం లింఫోసైట్ల) మీద కప్పా, లాంబ్డా అనే రెండు రకాల ప్రోటీన్ గొలుసులూ కలగలిసి ఉంటే నిరపాయం వైపు మొగ్గు, అయినా ఆ ఒక్కదానితో తేల్చరు. బొరేలియా అయితే పెద్దలకు మామూలుగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 14 నుంచి 21 రోజులు ఇస్తారు. బుడిపె మెల్లగా కరుగుతుంది. కరగకపోతే మళ్లీ ముక్క తీయాల్సిందే.

ఇంకొకటి, ‘టిక్’ అని వదిలేయకండి, మనవాళ్లకు అది జవాబుపత్రం మీద పెట్టే గుర్తు. ‘పిడుదు’ అని రాసి, ‘గోమారి’ కూడా చేర్చండి.