అప్‌డేట్: ఉద్యోగం మానేసి అరుణాచలం వెళ్ళిపోనా అని అడిగింది నేనే

మూడు నెలల క్రితం అడిగాను: టెస్టింగ్ ఉద్యోగం మానేసి తిరువణ్ణామలైలో (అదే అరుణాచలం) ఉండిపోవాలనుంది, వెళ్ళనా అని. "ముందు పది రోజులు ఉండి చూడండి" అన్నవారికి దండం. అదే చేశాను.

పౌర్ణమి జనం వద్దనుకుని మామూలు రోజు తెల్లవారుజామున మూడింటికి గిరిప్రదక్షిణ మొదలుపెట్టాను. 14 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. దారిలో వచ్చే ఎనిమిది లింగాల్లో ఇంద్ర లింగం, అగ్ని లింగం దాకా భక్తి. నిరుతి లింగం దాటాక అరికాళ్ళ మంట తప్ప ఏమీ గుర్తులేదు. (దారి పొడవునా తెలుగే వినిపించింది, మనవాళ్ళు అంతమంది!)

నన్ను కదిలించింది కొండ మీది విరూపాక్ష గుహ. 1896లో పదహారేళ్ళ వయసులో ఇల్లు వదిలొచ్చిన రమణ మహర్షి 1916 వరకూ చాలా ఏళ్ళు అక్కడే ఉన్నారు. ఆయన వచ్చేశారు కదా, నేనూ వచ్చేయొచ్చనుకునేవాణ్ణి. తీరా చదివితే, సంసారం వదిలేస్తామన్నవాళ్ళని ఆయన వారించారే గానీ వదిలేయమనలేదు. గుహలో కళ్ళు మూసుకుంటే నాకు గుర్తొచ్చింది దేవుడు కాదు, పదో తరగతిలో అటకెక్కించిన మృదంగం.

ఉద్యోగం మానలేదు. శని, ఆదివారాలు గురువుగారి దగ్గర మళ్ళీ "త ధి తొం నం" నుంచి మొదలు. వేళ్ళు వాచాయి. అమ్మ మాత్రం "అటక మీదున్నదాని కోసం అంత దూరం ఎందుకెళ్ళావురా" అంటోంది.