యూకేలో పచ్చళ్ల వ్యాపారం: మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి?

అక్కలకి, అన్నయ్యలకి నమస్కారం. మేం మిల్టన్ కీన్స్ వచ్చి నాలుగు నెలలైంది. మావారిది స్కిల్డ్ వర్కర్ వీసా, నేను డిపెండెంట్‌ని. మాది తెనాలి. ఆవకాయ, గోంగూర, కారప్పొడులు ఇంట్లోనే చేసి అమ్మాలని ఉంది. తెలిసినవాళ్లు అప్పుడే అడ్వాన్స్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

*

చెల్లీ, ఆర్డర్లు రాసిపెట్టుకో. డబ్బు మాత్రం ఇప్పుడే తీసుకోకు.

ముందు వీసా సంగతి. నువ్వు సొంత వ్యాపారం చేసుకోవచ్చు. మీ ఆయన వీసా మీద మాత్రం కుదరదు. అందుకని అన్నీ నీ పేరు మీదే పెట్టుకో, డబ్బు నీ అకౌంట్‌లోనే పడాలి. సాయంత్రాలు ఆయన డెలివరీలు చేస్తారులే అనుకునేవాళ్లను చూశాను. అది కూడా వద్దు. ఆయన ఉద్యోగం మీదే కదా మీ ఇద్దరి వీసాలూ నిలబడ్డాయి.

తర్వాత కౌన్సిల్, అంటే మీ ఊరి స్థానిక ప్రభుత్వం. అమ్మడం మొదలుపెట్టడానికి కనీసం 28 రోజుల ముందు ఫుడ్ బిజినెస్‌గా రిజిస్టర్ చేసుకోవాలి. ఫీజు లేదు, కాదనరు కూడా. ఆ తర్వాత వంటగది చూడటానికి ఆఫీసర్ వస్తారు. మా ఇంటికి వచ్చినావిడ ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో చూసి, చేతులు ఎక్కడ కడుక్కుంటావని అడిగింది. ఆవకాయ ఏడాది నిల్వ ఉంటుందని ఎలా చెప్పగలవంది. మా అమ్మమ్మ కాలం నుంచీ ఉంటోందన్నాను. ఆ జవాబు సరిపోలేదు. ఉప్పు ఎంత, పులుపు ఎంత, ముక్కకి తడి లేకుండా ఎలా తుడుస్తాను, జాడీ ఎలా ఆరబెడతాను, అన్నీ కాగితం మీద పెట్టాల్సి వచ్చింది. ఇక్కడి ఆహార భద్రత చూసే ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ వాళ్ల ‘సేఫర్ ఫుడ్, బెటర్ బిజినెస్’ అనే, మనం నింపుకునే పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. ఈ 28 రోజుల్లో అది చదివి నింపుకో.

ఇక అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది అలర్జీల గురించి. ఇక్కడ తప్పకుండా చెప్పాల్సిన పదార్థాలు 14 ఉన్నాయి. అందులో ఆవాలు, నువ్వులు, పల్లీలు, గోధుమ ఉన్నాయి. ఒక్కసారి మన ఆవకాయ గుర్తు తెచ్చుకో. ఆవపిండి, నువ్వుల నూనె, రెండూ ఆ జాబితాలోవే. లేబుల్ మీద వాటిని లావు అక్షరాల్లో వేయాలి.

మొదట్లో నా గోంగూర లేబుల్ మీద ‘ఇంగువ’ అని రాసి ఊరుకున్నాను. ఒక తల్లి ఫోన్ చేసి, మా బాబుకి గోధుమ పడదు, ఇది పెట్టొచ్చా అని అడిగింది. ధైర్యంగా పెట్టమనబోయి, ఎందుకో ఇంగువ డబ్బా తిప్పి చూశాను. వెనకాల సన్నని అక్షరాల్లో గోధుమపిండి అని ఉంది. నా చేతులు వణికాయి. అప్పటిదాకా అమ్మిన ప్రతి ఒక్కరికీ ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. చెల్లీ, నువ్వు కొనే ప్రతి పొట్లం, ప్రతి డబ్బా వెనక్కి తిప్పి చదువు. కంపెనీ మారిస్తే మళ్లీ చదువు. నువ్వులపొడి కొట్టిన మిక్సీ జార్‌లోనే కందిపొడి కొడితే ఆ సంగతీ చెప్పాలి.

ధర దగ్గర మొహమాటపడకు. నేను మామిడికాయ, కారం, నూనె లెక్కేసి సీసా 4 పౌండ్లకి ఇచ్చాను. సీసా, మూత, లేబుల్, ఇన్సూరెన్స్, పోస్టు ఖర్చు లెక్కలోకే రాలేదు. మూడు నెలలు కష్టపడ్డాక చేతిలో ఏమీ మిగల్లేదు.

*

అమ్మా, అక్కగారు చెప్పినదానికి పన్ను సంగతి కలుపుతాను. ఏప్రిల్ 6 నుంచి మళ్లీ ఏప్రిల్ 5 దాకా అమ్మకాలు 1,000 పౌండ్లు దాటితే, ఆ వచ్చే అక్టోబరు 5లోపు సెల్ఫ్ అసెస్‌మెంట్‌కి, అంటే మన పన్ను లెక్క మనమే చూపించే పద్ధతికి, నమోదు చేసుకోవాలి. 1,000 అంటే లాభం కాదు, మొత్తం వచ్చిన డబ్బు. మొదటి రోజు నుంచే రసీదులు దాచండి.

*

చాలా థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నయ్యా. మాది అద్దె ఇల్లు. ఓనర్‌కి చెప్పాలా?

*

చెప్పాలి, అదీ కౌన్సిల్ ఫారం నింపకముందే. అగ్రిమెంట్‌లో ఇంట్లో వ్యాపారం చేయకూడదని ఉందేమో చూడు. వారానికి ఎన్ని రోజులు వండుతావో, ఎన్ని సీసాలో వివరంగా మెయిల్ పెట్టు. నోటిమాటగా సరేనంటే సరిపోదు, జవాబు కూడా మెయిల్‌లోనే అడుగు. అది వచ్చాక ఇక్కడ చెప్పు, నా లేబుల్ నమూనా పంపిస్తాను.