కాచి అతకడమా, కాల్చి అతకడమా?

గ్యాస్‌కొలిమి: ఇంట్లో కట్టుకున్న ప్రొపేన్ కొలిమిని అతుకు వేడికి ట్యూన్ చేస్తుంటే వేమన పద్యం ఒకటి పట్టుకుని వదలడం లేదు. ‘ఇనుము విరిగెనేని’ తర్వాతి పాదం ‘కాచి యతుకవచ్చు క్రమముగాను’ అనా, ‘కాల్చి’ అనా?

ఆటవెలది: ఛందస్సుతో తేలదు. రెండూ గలమే (గురువు, లఘువు), యతికీ ఇబ్బంది లేదు. నేను విన్నది మాత్రం ‘కాచి’.

సమ్మెట: అర్థంతో తేలుతుంది కదండీ. పాలు కాస్తాం, కాల్చం. కొలిమిలోకి గాలి ఎక్కువైతే మంట బుస్సుమంటుంది, ఇనుము మీద చిట్టెం పొరలుగా లేస్తుంది, అతుకు పట్టదు. మరీ వేడెక్కి కడ్డీ కొసనుంచి రవ్వలు చిమ్మాయంటే అది కాలిపోయిన ఇనుము, ఇక దేనికీ పనికిరాదు. అందుకే అతికేటప్పుడు ఛోక్ (గాలి దారికుండే మూత) కాస్త మూసి గ్యాస్ వాటా ఒక పిసరు ఎక్కువ ఉంచుతారు, పైన వెలిగారం (బోరాక్స్) చల్లుతారు. అలా చేస్తే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, ఆరుబయటే చెయ్యండి.

పాతపేజీ: ఒప్పుకోను. ‘కర్రు కాల్చి వాత పెట్టడం’ మాటేమిటి? కర్రు ఇనుము కాదా?

సమ్మెట: వాతకి ఎర్రబడితే చాలు. అతుకుకి మెత్తని ఇనుమైతే 1250 డిగ్రీల సెల్సియస్ దాకా పోవాలి, ఎరుపూ నారింజా దాటి పసుపు తిరిగి తెల్లబడబోయే రంగు. అక్కడ కాచడానికీ కాల్చడానికీ మధ్య ఉన్నది చాలా సన్నని గీత, వేమన ఆ గీత ఎరిగినవాడు.

ఆటవెలది: అదలా ఉంచండి, మొదటి పాదంలో ‘రెండుసార్లు’ అనే చోట ‘ఇనుమారు’ అంటారా, ‘ఇరుమారు’ అంటారా? గణాలకి రెండూ సరే. నా ఓటు ఇనుమారుకే. ఇనుమడి, ఇనుమడించు ఉన్నాయి, పైగా ఇనుము పక్కన ఇనుమారు పడితే వచ్చే మోత చూడండి!

పాతపేజీ: ఆ మోత కోసమే తర్వాతివాళ్లు దిద్దారని నా అనుమానం. ఇరువురు, ఇరువైపులా అన్నట్టే ఇరుమారు.

గ్యాస్‌కొలిమి: ‘క్రమముగాను’ని ఎవరూ పట్టించుకోలేదు. నాకు పద్యమంతా అందులోనే ఉంది. ముందు తక్కువ ప్రెషర్‌తో లోపలి గోడలన్నీ ఒకే రంగుకి రావాలి, ఆ తర్వాతే గ్యాస్ పెంచి, దానికి తగ్గట్టు ఛోక్ సర్దాలి. తొందరపడితే కడ్డీ ఒక పక్క మెరుస్తూ ఇంకో పక్క నల్లగా ఉండిపోతుంది.

పాతపేజీ: అది పాదపూరణం, పాదం నింపడానికి వేసిన మాట, అంతే.

ఆటవెలది: వేమనలో పాదపూరణమా? ఇంకొకటి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.