కార్తీక వనభోజనాలు, 2024 నవంబరు 30: ఎవరెవరు ఏం చేస్తున్నారు (హాలు సంగతి అర్జెంటు)

కార్యదర్శి, నవంబరు 10

టెక్సాస్‌లో కాలేజ్ స్టేషన్, ఆస్టిన్ ఊళ్ళ తెలుగువాళ్ళందరికీ నమస్కారం. ఇంక మూడు వారాలే ఉంది కాబట్టి పనులన్నీ ఇక్కడ రాసేస్తున్నాను, ఎవరిది వాళ్ళు తీసుకోండి. పులిహోర, దద్దోజనం ఆస్టిన్ వదినలు. పప్పు, ముక్కల పులుసు, గుత్తివంకాయ కాలేజ్ స్టేషన్ వాళ్ళం. బాబాయి గారి గ్యారేజీలో ఉన్న ఉసిరి మొక్కని హాలు దాకా తేవడానికి ఒక పికప్ ట్రక్కు. శ్లోకాల పోటీకి మైకు. తంబోలా టికెట్లు. విస్తరాకులు 150, హ్యూస్టన్ నుంచి. స్టేజీ వెనక బ్యానరు. చివర్లో హాలు ఊడ్చేవాళ్ళు ఆరుగురు కావాలి, పోయినేడాది ముగ్గురి మీదే పడింది.

ఆస్టిన్ వదిన, నవంబరు 10

పులిహోర నాది. చింతపండుదా, నిమ్మకాయదా? శనివారం అమావాస్య కదా, పరవాలేదా?

బాబాయి గారు, నవంబరు 11

పరవాలేదమ్మా. కార్తీకం ఆ రోజుతో అయిపోతుంది, మనకి మిగిలిన సెలవు రోజు అదొక్కటే. చింతపండుదే చెయ్యి.

కార్యదర్శి, నవంబరు 12

హాలు వాళ్ళు ఇప్పుడే ఫోన్ చేశారు. 30న పార్కింగ్ అంతా అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకి వచ్చే కార్లకి ఇచ్చేశారట. మనకి ఇరవై కార్ల చోటు ఇస్తారట, ఇష్టం లేకపోతే అడ్వాన్సు 600 డాలర్లు వెనక్కిస్తారట, అదీ నెల రోజుల్లో. కాగితం తీసి చూశాను. "పార్కింగ్ లభ్యతను బట్టి" అని ఒక లైను ఉంది, నేనే సంతకం పెట్టాను. మనం 140 మందిమి. ఏం చేద్దామో చెప్పండి.

ఏ అండ్ ఎమ్ తమ్ముడు, నవంబరు 12

అక్కా, ఆ రోజు మా ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీకి ఆస్టిన్ల ఉన్న టెక్సాస్ యూనివర్సిటీ, అంటే యూటీ‌తోని ఆట! పదమూడేండ్ల తర్వాత మల్ల మా స్టేడియం కైల్ ఫీల్డ్‌కి వస్తున్నరు. సాయంత్రం 6:30కి మొదలు. స్టేడియంలనే లక్షా రెండు వేల మంది పడతరు, టికెట్ లేకున్నా ఊరికే వచ్చేటోళ్ళు వేరే. మా అపార్ట్‌మెంట్ల పార్కింగ్ గూడ అమ్ముకుంటున్నరు. తేదీ పోయిన డిసెంబర్లనే చెప్పిన్రు గద, బుక్ చేసేటప్పుడు ఎవ్వరు చూడలేదా?

కార్యదర్శి, నవంబరు 12

చూడలేదు తమ్ముడూ, తప్పు నాదే. పోయినేడాది ఇదే శనివారం ఆట లూసియానాలో జరిగింది, ఊరు ఖాళీగా ఉంది, మనకి హాయిగా జరిగిపోయింది. ఆ అలవాటునే ఈసారీ అదే శనివారం పెట్టేశాను.

యూటీ తమ్ముడు, నవంబరు 12

అయితే ప్రోగ్రామ్ ఆస్టిన్‌కి మార్చేద్దాం. ఆ రోజు ఆట కాలేజ్ స్టేషన్లో కాబట్టి మా ఊరు ఖాళీ. గుడి హాలు నేను అడుగుతాను. మీ ఊరి ఆట కోసం అందరి వనభోజనం ఎందుకు పోవాలి?

కాలేజ్ స్టేషన్ పప్పు కమిటీ, నవంబరు 12

మా ఇళ్ళలో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు పన్నెండు మంది ఉన్నారు. వంద మైళ్ళు పోను, వంద మైళ్ళు రాను. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆటకి వచ్చే కార్లన్నీ మా రోడ్డు మీదే ఉంటాయి. రెండేళ్ళుగా మీరడిగిన ప్రతిసారీ మేమే వచ్చాం. ఈసారి మా వంతు.

బాబాయి గారు, నవంబరు 12, రాత్రి

"మీ ఊరి ఆట" అన్న మాట నాకు నచ్చలేదు. ఆ ఆట 1894 నుంచి రెండు ఊళ్ళదీ. 2011 తర్వాత అది ఆగిపోయేలా చేసింది ఎవరు? 2011లో మీ యూనివర్సిటీ 300 మిలియన్ డాలర్లకి తనకంటూ ఒక టీవీ ఛానెల్ పెట్టించుకుంది. అప్పట్లో రెండు యూనివర్సిటీలూ ఆడే బిగ్ ట్వెల్వ్ లీగ్‌లో మిగతావాళ్ళందరూ ఒకే పందిట్లో కూర్చుంటే, తనకి మాత్రం వేరే విస్తరి వేయించుకున్నట్టు. నెబ్రాస్కా, కొలరాడో అంతకు ముందే వెళ్ళిపోతామని చెప్పేశాయి. మేమూ 2012లో ఇంకో లీగ్ అయిన ఎస్‌ఈసీకి వెళ్ళాం. మీతో ఇక ఆడం అని మేం అనలేదు.

యూటీ తమ్ముడు, నవంబరు 12, రాత్రి

బాబాయి గారూ, వెళ్ళింది మీరే కదా. ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళు పండక్కి పిలవలేదని అలిగితే ఎలా? 2011లో చివరి ఆటలో ఆఖరి క్షణంలో 40 గజాల నుంచి కొట్టి 27-25తో గెలిచాం, అదీ మీ కైల్ ఫీల్డ్‌లోనే. ఆ మంట మీకింకా చల్లారలేదు. 2021లో మేం ఎస్‌ఈసీకి వస్తామంటే మీవాళ్ళే ఎంత గోల చేశారు! టెక్సాస్ రాష్ట్రం నుంచి తామొక్కళ్ళే ఉండాలని.

కోశాధికారి, నవంబరు 13, పొద్దున్న

ఇద్దరూ ఆపండి. ఖాతాలో ఉన్నది 1,140 డాలర్లు. అందులో 600 హాలు వాళ్ళ దగ్గర ఇరుక్కుపోయింది. ఎక్కడ చేసినా కుర్చీలు, బల్లలు, గ్యాస్ బర్నర్లు అద్దెకి తేవాలి. ఆ వారం ఈ ఊళ్ళో ఏదీ మామూలు ధరకి దొరకదు. ముందు చోటు చెప్పండి, ఆటల సంగతి తర్వాత.

ఆస్టిన్ వదిన, నవంబరు 13

నిన్న రాత్రి పిల్లలు కూడా ఇది చదివారండీ. కార్తీక మాసం. కాస్త చూసుకుని రాయండి.

బాబాయి గారు, నవంబరు 13, మధ్యాహ్నం

పొద్దున్నుంచీ ఏమీ రాయలేకపోయాను. తమ్ముడూ, నిన్న నోరు జారాను, మనసులో పెట్టుకోకు.

నేను 1998లో ఎమ్ఎస్‌కి వచ్చాను. నీ వయసే. టెక్సాస్‌తో ఆటకి ముందు ఇక్కడి పిల్లలు దుంగలు పేర్చి పెద్ద భోగిమంటలా వేసేవారు. 1999 నవంబరు 18 తెల్లవారుజామున, సుమారు 2:40కి, ఆ దుంగలు కూలిపోయాయి. పన్నెండు మంది పోయారు, ఇరవై ఏడు మందికి దెబ్బలు తగిలాయి. నా ల్యాబ్ పక్క గదిలో పనిచేసే కుర్రాడు రెండు రాత్రులు అక్కడే నిలబడి, బూట్ల నిండా బురదతో వచ్చి కుర్చీలో కూర్చుని ఏమీ మాట్లాడలేదు. మేం తెలుగువాళ్ళం నలుగురం, వంట చేసుకోవాలన్న ధ్యాస కూడా లేదు. శనివారం ఆస్టిన్ నుంచి ముగ్గురు తెలుగు కుర్రాళ్ళు ఒక డొక్కు కారులో ఒక గిన్నె సాంబారూ కుక్కర్లో అన్నమూ పట్టుకుని వచ్చారు. కుక్కర్ మూతకి తువ్వాలు కట్టి తెచ్చారు. వాళ్ళు యూటీ పిల్లలు. అంతకు ముందు మాకు పరిచయం లేదు.

తర్వాత వారం ఆట జరిగింది. టెక్సాస్ బ్యాండు పిల్లలు మైదానంలో తమ తెల్ల టోపీలు తీసి నిలబడ్డారు. నేను స్టేడియంలో ఉన్నాను. మేం 20-16తో గెలిచాం, ఆ స్కోరు మాత్రం చాలాకాలం నాకు గుర్తు రాలేదు.

ఆ చోట ఇప్పుడు పన్నెండు రాతి ద్వారాలున్నాయి. ఒక్కొక్కటి ఆ పిల్లవాడి, ఆ పిల్ల ఊరి వైపు తిరిగి ఉంటుంది. ఆదివారం ఎవరైనా చూస్తామంటే నేను తీసుకెళ్తాను.

ఆస్టిన్‌లో పెట్టినా నేను వస్తాను. ఉసిరి మొక్క నా కారు వెనక సీట్లో పడుతుంది.

యూటీ తమ్ముడు, నవంబరు 13

బాబాయి గారూ, నాకివేవీ తెలియవు. క్షమించండి. గుడి హాలు అడగడం ఆపాను. దారి మధ్యలో ఏదైనా ఉందేమో చూస్తాను.

కాల్డ్‌వెల్ అక్క, నవంబరు 14

నేను ఎప్పుడూ చదివి ఊరుకునేదాన్ని, ఇవాళ రాస్తున్నాను. మాకు 21వ నంబరు రోడ్డు మీద, కాల్డ్‌వెల్ దాటాక పదెకరాలుంది. పెకాన్ చెట్లు తొమ్మిది. కాయలు రాలే కాలం, కింద అంతా శుభ్రం చేయించాలి. పశువుల కోసం తవ్విన చిన్న చెరువు కూడా ఉంది. కార్లు ఎన్నైనా గడ్డిలో పెట్టుకోవచ్చు. ఆస్టిన్ వాళ్ళు ఆ రద్దీలోకి రాకుండా మా దగ్గరే ఆగిపోతారు, కాలేజ్ స్టేషన్ వాళ్ళు రద్దీకి ఎదురు దిక్కున వస్తారు. డబ్బులొద్దు. ఒకటే ఇబ్బంది: బాత్రూములు రెండు, సెప్టిక్ ట్యాంకు చిన్నది, 140 మందికి తట్టుకోదు.

కార్యదర్శి, నవంబరు 14

అక్కా, ఇది చదివి కళ్ళంట నీళ్ళొచ్చాయి. చెట్ల కిందా! అసలు వనభోజనం అంటే అదే కదా, మనమే నాలుగేళ్ళుగా ఏసీ హాల్లో చేస్తున్నాం.

కోశాధికారి, నవంబరు 15

అద్దె టాయిలెట్లకి ఐదు చోట్ల ఫోన్ చేశాను. అన్నీ ఆటకే వెళ్ళిపోయాయి. ఇళ్ళు కట్టే పనిలో ఉన్న మన స్నేహితుడొకాయన తన సైటు నుంచి రెండు ట్రెయిలరు మీద వేసి పంపిస్తానన్నాడు, శుభ్రం చేయించే ఖర్చు మనది. బల్లలు వద్దు. దుప్పట్లూ చాపలూ తెచ్చుకోండి, నేల మీద పంక్తి. పెద్దవాళ్ళకి మాత్రం కుర్చీలు ఇరవై, ఎవరింట్లోవి వాళ్ళు. కట్టెల పొయ్యి వద్దు, ఎండుగడ్డి ఉంది. గ్యాస్ బర్నర్లు రెండు నావి.

ఏ అండ్ ఎమ్ తమ్ముడు, నవంబరు 16

మేం ఏడుగురం పొద్దుగాల్ల ఆరింటికే వచ్చి కాయలు ఏరి, గడ్డి సాఫ్ చేస్తం. రెండింటికల్ల మమ్మల్ని ఇడిసిపెట్టాలె, మాకు టికెట్లున్నయ్. యూటీ అన్నా, నీకు టికెట్ ఉంటె మా కార్ల ఒక సీటుంది. మీ యూటీ ఆరెంజ్ అంగీ ఏసుకున్నా ఎక్కించుకుంట.

యూటీ తమ్ముడు, నవంబరు 16

ఉంది. వస్తాను. ఉదయం ఆరింటికి నేనూ ఉంటాను, చీపుర్లు తెస్తాను.

ఆస్టిన్ వదిన, నవంబరు 19

నా మనసులో మాట ఒకటి. మా ఊళ్ళో కార్తీకం అయిన మర్నాడు తెల్లవారుజామున పోలిని స్వర్గానికి పంపేవాళ్ళం. అరటి దొప్పల్లో దీపాలు పెట్టి, అమ్మ కాలవ మెట్ల మీద కూర్చోబెట్టి నీళ్ళలోకి తోయించేది. ఆదివారం పాడ్యమి. అక్కడ చెరువుందన్నారు కదా. పన్నెండేళ్ళుగా అపార్ట్‌మెంట్‌లో ప్లాస్టిక్ టబ్బులో వదులుతున్నాను. ఆ రాత్రి ఉండటానికి హోటలు చూస్తే ఒక్క రాత్రికి మా నెల కిరాణా ఖర్చు చెప్తున్నారు.

కాలేజ్ స్టేషన్ పప్పు కమిటీ, నవంబరు 19

హోటలేంటి వదినా. మా ఇంట్లో నలుగురు. పక్కింట్లో ముగ్గురు. చెప్పండి ఎవరెవరో.

బాబాయి గారు, నవంబరు 19

మా ఇంట్లో ఆరుగురు. మా ఆవిడ పరుపులు ఎండలో వేసేసింది. పెరట్లో అరటి ఉంది, బోదెలు నేను కొడతాను.

ఏ అండ్ ఎమ్ తమ్ముడు, నవంబరు 24

నిన్న ఆబర్న్ యూనివర్సిటీ చేతిల నాలుగు ఓవర్‌టైములయినంక 43-41తో ఓడిపోయినం. అయినా శనివారం గెలిచినోళ్ళే ఎస్‌ఈసీ ఫైనల్‌కి అట్లాంటా పోతరు. ఇంగ నిద్రలేదు.

కార్యదర్శి, నవంబరు 29

చివరి లెక్క 126 మంది. విస్తరాకులు వచ్చేశాయి. మిగతావి రేపు అక్కడే చూసుకుందాం. కాల్డ్‌వెల్ అక్క గేటు దగ్గర పసుపు రంగు తువ్వాలు కడుతుంది, అదే గుర్తు.

యూటీ తమ్ముడు, నవంబరు 30, రాత్రి 11:20

17-7, టెక్సాస్. పార్కింగ్‌లోంచి ఇంకా బయటపడలేదు. తమ్ముడు వెనక సీట్లో తల పట్టుకుని కూర్చున్నాడు, ఏమీ అనడం లేదు. నేనూ అనలేదు. మిగిలిన పులిహోర ఇద్దరం తింటున్నాం.

బాబాయి గారు, నవంబరు 30, రాత్రి 11:35

మెల్లగా రండి. ముందు గది తలుపు తీసే ఉంచాను, పరుపులు కింద వేసున్నాయి. మీరిద్దరూ ఇక్కడే పడుకోండి, ఆ చొక్కాలతోనే రండి. ఫ్రిజ్‌లో దద్దోజనం ఉంది. నాలుగున్నరకి లేపుతాను, చెరువు దగ్గరికి నలభై నిమిషాలు పడుతుంది. దొప్పలు గ్యారేజీలో బకెట్‌ నీళ్ళలో వేసున్నాయి, ఉసిరి మొక్క పక్కన. చీకట్లో చూసుకుని నడవండి.