ఎనిమిది కాగితాలు వచ్చి ఆగిపోతోంది: ఇమేజ్‌గా ప్రింట్ తీసెయ్యాలా, తప్పు వెతకాలా?

వంశధార ఒడ్డు (గుణుపురం), బుధవారం సాయంత్రం 6.10

నమస్కారం. వచ్చే ఆదివారం మా మామ్మ సంవత్సరీకం. ఆవిడ పాడిన పెళ్లిపాటలు, మంగళహారతులు నాన్న ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచారు. వాటిని 48 పేజీల చిన్న పుస్తకంగా వర్డ్‌లో టైపు చేశాను. చివరి నాలుగు పేజీలు ఒడియా లిపిలో పెట్టాను. మా అత్తల పిల్లలకి తెలుగు మాట్లాడటమే గాని చదవటం రాదు.

ఇంట్లో పీడీఎఫ్ చేసేటప్పుడే ఒకసారి మొరాయించింది, ‘హోస్ట్ ఫాంట్లు పంపాలి’ అని. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో ‘సిస్టమ్ ఫాంట్ల మీదే ఆధారపడు’ అన్నచోట టిక్ తీసేస్తే ఫైలు తయారైంది. దాన్ని మా చుట్టాల షాపులో పాత లేజర్ ప్రింటర్ మీద ఇచ్చాను. దానికి పోస్ట్‌స్క్రిప్ట్ (ప్రింటర్‌కి పని చెప్పే భాష) ఉంది. బుక్‌లెట్ పెడితే, కాగితానికి నాలుగు పేజీల చొప్పున, 12 కాగితాలు రావాలి. ఎనిమిది శుభ్రంగా వచ్చాయి. తొమ్మిదోదాని బదులు ‘ఎర్రర్: అన్‌డిఫైన్డ్, అఫెండింగ్ కమాండ్’ అని, కింద అర్థంకాని అక్షరాలతో ఒక కాగితం వచ్చింది. మూడుసార్లు ఇచ్చినా అక్కడే ఆగింది. షాపులో కుర్రాడు ఇమేజ్‌గా తీసెయ్యమంటున్నాడు. అదే చెయ్యాలా, లేక తప్పు ఎక్కడుందో వెతకాలా? నాలుగు రోజులే ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి ప్రెస్సు, 6.32

బాబూ, వెతకొద్దు. అక్రోబాట్‌లో ప్రింట్ పెట్టె తెరిచి అడ్వాన్స్‌డ్ నొక్కితే ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ ఉంటుంది. టిక్ పెట్టి ప్రింట్ ఇవ్వు. అప్పుడు పేజీని కంప్యూటరే బొమ్మగా మార్చి పంపుతుంది, ఫాంట్ల గొడవ ప్రింటర్ దాకా పోదు. 22 ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను. శుభలేఖ ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా వేసే ఊరు మాది. ఇలాంటి ఎర్రర్ కాగితాలు ఎన్ని చూశానో లెక్కలేదు. నీ ప్రింటర్‌కి మెమరీ చాలటం లేదు, ఎనిమిది కాగితాలకి నిండిపోయింది, అంతే.

రాయగడ రైలు, 6.40

ఫైలు పెన్‌డ్రైవ్ మీద నుంచే తెరిచారా? ముందు డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి ఇవ్వండి. నాకు రెండుసార్లు దాంతోనే సరిపోయింది.

బరంపురం పట్టు, 6.51

ఒడియా ఫాంటే కారణం. రెండు లిపులు ఒకే ఫైల్లో పెడితే ఇంతే.

మహేంద్రతనయ, 7.15

మెమరీ అని నాకు అనిపించటం లేదు అన్నగారూ. మెమరీ చాలకపోతే పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ మామూలుగా ‘వీఎం ఎర్రర్’ అనో ‘లిమిట్ చెక్’ అనో చెబుతుంది. ఇది ‘అన్‌డిఫైన్డ్’ అంటోంది, అంటే దానికి తెలియని మాట ఏదో వచ్చింది.

తమ్ముడూ, కొంచెం ఓపికగా చదువు. పోస్ట్‌స్క్రిప్ట్ 1984లో అడోబీ తెచ్చిన భాష. ప్రింటర్‌కి వెళ్లేది పేజీ బొమ్మ కాదు, ‘ఈ ఫాంటు తీసుకో, ఇక్కడ ఈ అక్షరం పెట్టు’ అని వరసగా చెప్పే ప్రోగ్రాము. ప్రింటర్ ఒక్కో మాటా చదువుకుంటూ పోతుంది. తెలియని మాట తగిలితే మిగతా పని మొత్తం వదిలేస్తుంది. అఫెండింగ్ కమాండ్ పక్కన కనపడేది అది తట్టుకుని పడిన చోటు మాత్రమే, అసలు తప్పు అంతకు ముందెక్కడో ఉండొచ్చు. పోస్ట్‌స్క్రిప్ట్ అసలే రాని ప్రింటర్ అయితే శాతం గుర్తుతో మొదలయ్యే ప్రోగ్రాము వరసలే కాగితాల కొద్దీ అచ్చవుతాయి. నీకలా రాలేదు. ఎనిమిది కాగితాలు బాగా వచ్చాయంటే ప్రింటర్‌కి భాష వచ్చినట్టే, ఫైల్లో ఒక్కచోటే తేడా ఉంది.

బుక్‌లెట్‌లో పేజీలు వరసగా పడవు. తొమ్మిదో కాగితం మీద 17, 18, 31, 32 పేజీలు పడతాయి. బుక్‌లెట్ తీసేసి ఆ నాలుగూ విడివిడిగా ఇచ్చి చూడు. ఒడియా పేజీలు 45 నుంచి 48. అవి మొదటి రెండు కాగితాల మీదే వచ్చేశాయి కనుక ఒడియా మీద తప్పు వెయ్యటానికి లేదు.

పర్లాకిమిడి ప్రెస్సు, 7.28

వీఎం ఎర్రర్ అని రాకపోయినా మెమరీ కావచ్చు. నా షాపులో ప్రింటర్‌కి మెమరీ వేయించాకే ఇలాంటివి తగ్గాయి. పుస్తకంలో రాసినట్టు ప్రింటర్ నడవదమ్మా.

వంశధార ఒడ్డు, 8.45

డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి ఇచ్చాను, అదే ఎర్రర్. షాపు కుర్రాడు డ్రైవర్ మార్చి పీసీఎల్ 6 (ఇంకో ప్రింటర్ భాష) పెట్టాడు. ఈసారి మాట మారింది: ‘పీసీఎల్ ఎక్స్ఎల్ ఎర్రర్, సబ్‌సిస్టమ్ కెర్నల్, ఇల్లీగల్ ఆపరేటర్ సీక్వెన్స్’. ఇదీ తొమ్మిదో కాగితం దగ్గరే. తర్వాత ఇమేజ్‌గా ఇస్తే మొత్తం వచ్చింది. కానీ షాపులో 150 డీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) పెట్టాడు. ‘అర్ఘ్యం’, ‘లక్ష్మి’ లాంటి మాటల్లో ఒత్తులు అలుక్కుపోయి చుక్కల్లా ఉన్నాయి. మా పెద్దత్త కళ్లజోడు పెట్టుకుని కూడా చదవలేకపోయింది. షాపు మూసే వేళ అవటంతో నాలుగు పేజీలు విడిగా చూడటం కుదరలేదు.

పర్లాకిమిడి ప్రెస్సు, 8.52

వచ్చింది కదా! 150 ఎవడు పెట్టమన్నాడు? 600 పెట్టు. తెలుగు ఒత్తులకి 300కి తగ్గకూడదు.

మహేంద్రతనయ, 9.10

పీసీఎల్ హెచ్‌పీ వాళ్లు తెచ్చిన వేరే భాష. రెండు భాషల్లోనూ ఒకే కాగితం దగ్గర పడిపోతోందంటే ఇక డ్రైవర్‌ని, మెమరీని అనుమానించే పని లేదు. ఆ నాలుగు పేజీల్లో ఏదో ఒక ఫాంటు పాడైంది. రేపు ఉదయం పది నిమిషాల పని. దాని కోసం అక్షరాలన్నీ బొమ్మలు చెయ్యటం ఎందుకు?

పర్లాకిమిడి ప్రెస్సు, 9.21

ఇమేజ్‌గా ప్రింట్ తీస్తే ఫైలుకేమీ కాదు. ఫైలు ఫైలుగానే ఉంటుంది, కాగితం మీదికి వెళ్లేదే బొమ్మ. ఈ మాత్రం తెలియకుండా వాదిస్తున్నారా?

మహేంద్రతనయ, 9.34

తెలుసు. కస్టమర్ పీడీఎఫ్ కూడా ఇమ్మంటే మీరు ఏది ఇస్తారో చెప్పండి.

పర్లాకిమిడి ప్రెస్సు, 9.58

ఇమేజ్ చేసిన పీడీఎఫే ఇస్తాను. దాచేదేముంది?

ఎందుకో కూడా వినండి. చాలా ఏళ్ల కిందట ఒక సభకి సావనీర్ చేశాను, 200 కాపీలు. ఫైలు అక్షరాలతోనే ఇచ్చాను. వాళ్లు ఒడిశాలో లోపలి ఊళ్లో ఒక ప్రెస్సుకి పట్టుకెళ్లారు. ఫైల్లో ఫాంటు కలపకపోవటం నా తప్పే, ఒప్పుకుంటాను. అక్కడి కంప్యూటర్‌లో ఆ తెలుగు ఫాంటు లేదు. తెలుగు మొత్తం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులుగా మారిపోయింది. అక్కడ తెలుగు వచ్చినవాళ్లు లేరు, తప్పని తెలియక అచ్చు వేసేశారు. సభనాటి ఉదయం కట్టలు విప్పారు. ఆ రోజు నన్ను అన్న మాటలు మా ఆవిడ ముందు ఇప్పటికీ చెప్పలేదు. 12 వేలు నా జేబులోంచి పోయాయి. కాగితం ఖర్చూ నేనే పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి నా షాపు గడప దాటే ప్రతి ఫైలూ బొమ్మే. ఎక్కడ తెరిచినా ఒకేలా ఉంటుంది.

పాతపట్నం, 10.05

ఫాంట్లు కలిపితే ఆ ఇబ్బంది రాదు కదా. పీడీఎఫ్‌లో డాక్యుమెంట్ ప్రాపర్టీస్, ఫాంట్స్ అన్నచోట చూస్తే ప్రతి ఫాంటు పక్కనా ‘ఎంబెడెడ్’ అని ఉండాలి.

మహేంద్రతనయ, 10.40

అన్నగారూ, మీకు జరిగింది చాలా బాధాకరం. నాకు జరిగిందీ చెబుతాను.

మా నాన్నగారు బడిపంతులు. రిటైరయ్యాక మహేంద్రగిరి చుట్టుపక్కల ఊళ్ల పేర్లు, వాటి వెనక కథలు, సవర గిరిజన పెద్దలు చెప్పినవి, తెలుగులో 160 పేజీలు రాశారు. ఒక షాపులో టైపు చేయించి, వాళ్లిచ్చిన పీడీఎఫ్ సీడీలో దాచుకున్నారు. ఆయన పోయాక తెరిచి చూస్తే ప్రతి పేజీ ఒక బొమ్మ. ఒక్క ఊరి పేరు వెతుకుదామంటే దొరకదు, ఒక్క తప్పు దిద్దుదామంటే కుదరదు. షాపుకి వెళ్తే ‘అసలు ఫైలు ఎప్పుడో చెరిపేశాం’ అన్నారు. ఎనిమిది నెలలు రాత్రుళ్లు కూర్చుని మళ్లీ టైపు చేశాను. కొన్నిచోట్ల ఒత్తు ‘త’ కిందదో ‘న’ కిందదో తెలియలేదు. అడగటానికి ఆయన లేరు. మీలాంటి షాపులు పని తేలికవుతుందని చేసే దానివల్ల ఇళ్లలో ఉన్న కాస్త తెలుగూ పోతోంది.

పర్లాకిమిడి ప్రెస్సు, 10.49

మీలాంటి షాపులు అనకండి. నేను ఎవరి ఫైలూ చెరపలేదు.

తెలుగు పోయేది షాపుల వల్లా? ఎండలో నిలబడి శుభలేఖ ప్రూఫు చూసేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ‘తెలుగు వైపు వద్దులెండి, ఒడియా, ఇంగ్లీషు చాలు’ అనే ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. మా అమ్మాయి ఒడియా మీడియంలో చదివింది, ఫస్టు క్లాసు తెచ్చుకుంది. నేను 22 ఏళ్లు అచ్చు వేసిన తెలుగులో తను ఒక్క వాక్యం కూడా చదవలేదు. మీరేమో తెలుగు పీడీఎఫ్‌లో మాట వెతకాలంటున్నారు. ఎవరు వెతుకుతారమ్మా? ఇక్కడ మిగిలేది కాగితం. కాగితం శుభ్రంగా వస్తే పెట్టెలో పెట్టి దాచుకుంటారు. నా పని అంతవరకే అనుకున్నాను.

రాయగడ రైలు, 10.56

ఇద్దరూ పెద్దవాళ్లు. కుర్రాడి ప్రింటు సంగతి చూడండి ముందు.

మహేంద్రతనయ, 11.20

కోపంలో అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. విషయం మాత్రం వదలలేను.

మీ అమ్మాయికి తెలుగు వింటే అర్థమవుతుంది కదా? తమ్ముడి అత్తల పిల్లలకీ అంతే. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌కైనా, ఫోనుకైనా తెలిసే పద్ధతి) అక్షరంగా ఉంటే ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది. లిపి మార్చే సాధనంలో వేస్తే ఒడియా లిపిలో చూపిస్తుంది. తమ్ముడు నాలుగు పేజీలే ఒడియాలో పెట్టగలిగాడు, అక్షరం ఉంటే మిగతా 44 కూడా మార్చుకోవచ్చు. బొమ్మకి ఆ దారి నేరుగా లేదు. గిడుగు రామ్మూర్తి గారు మన పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే సవర నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ల మాటలోనే పుస్తకాలు రాశారు, నిఘంటువు కూర్చారు. చదవలేని పిల్లల దగ్గరికి అక్షరాన్ని ఆయనే తీసుకెళ్లారు. 1936లో ఒడిశా ఏర్పడింది, మనం ఇటువైపు ఉండిపోయాం. మన పిల్లలు ఒడియాలో చదవటం తప్పు కాదు. వాళ్లకి తెలుగు అందే దారి మనం మూసెయ్యకూడదు.

బరంపురం పట్టు, 11.31

మా ఇంట్లోనూ ఇదే. మనవరాలు నా మెసేజ్‌లు ఫోనుతో చదివించుకుని వింటుంది.

వంశధార ఒడ్డు, గురువారం ఉదయం 10.20

దొరికింది అక్కా. 17, 18, 32 వచ్చాయి. 31 ఒక్కటే ఇస్తే ఎర్రర్.

31వ పేజీలో ఉన్నది ఉయ్యాల పాట. ఆ ఒక్కటీ నేను టైపు చెయ్యలేదు. చిన్నత్త చాలా ఏళ్ల కిందట ఎక్కడో చేయించిన పాత ఫైలు నుంచి తెచ్చి అతికించాను. తెర మీద చూస్తే తెలుగే. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వచ్చాయి. అంటే పాత పద్ధతి ఫాంటు. ఆ ఫాంటు ఫైలు నా కంప్యూటర్‌లోకి ఎక్కడి నుంచో సగం పాడై వచ్చినట్టుంది. ఆ పాట యూనికోడ్‌లో నేనే మళ్లీ టైపు చేసి, ఆ ఫాంటు తీసేసి, పీడీఎఫ్ కొత్తగా చేశాను. పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్‌తోనే 12 కాగితాలూ వచ్చాయి. ఒత్తులు సూదిమొనల్లా ఉన్నాయి. భయంతో పొద్దున్నే 600 డీపీఐలో ఇమేజ్‌గా ఒక పది కాపీలు తీసి ఉంచాను, అవీ చదవటానికి బాగానే ఉన్నాయి బాబాయ్ గారూ.

పర్లాకిమిడి ప్రెస్సు, 10.41

600 అని నిన్ననే చెప్పాను. మెమరీ విషయంలో నేను పొరబడ్డాను.

మహేంద్రతనయ గారూ, ఒకటి అడగాలి. నా దగ్గర 22 ఏళ్ల ఫైళ్లు రెండు హార్డ్‌డిస్కుల్లో ఉన్నాయి. శుభలేఖలే కాదు, ఊళ్లో పెద్దవాళ్లు రాసుకున్న శతకాలు, భజన పాటలు, రెండు మూడు ఇళ్ల వంశ చరిత్రలు. ఎక్కువ భాగం పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ ప్రోగ్రాములో, అన్నీ పాత ఫాంట్లే. వాటిని యూనికోడ్‌లోకి మార్చటం అవుతుందా?

మహేంద్రతనయ, 11.02

అవుతుంది. ఏ ఫాంటుతో చేశారో తెలిస్తే మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ ఒత్తులు, గుణింతాలు అక్కడక్కడ తారుమారవుతాయి. తెలుగు బాగా తెలిసినవాళ్లు పక్కన కూర్చుని మాట మాటా సరిచూడాలి. ముందు రెండు డిస్కులకీ ఇంకో కాపీ తీయండి, అంత పాతవి ఎప్పుడైనా ఆగిపోవచ్చు.

పర్లాకిమిడి ప్రెస్సు, 11.15

సరిచూడటం నేను చేస్తాను, చాలావరకు నా చేత్తో కొట్టినవే. కౌంటర్ దగ్గర మనిషి నిలబడి ఉండగా ప్రింటర్ ఆగితే మాత్రం ఇమేజ్‌గానే తీస్తాను. అందులో మార్పు లేదు. పీడీఎఫ్ అడిగినవాళ్లకి ఇక రెండు ఫైళ్లూ ఇస్తాను.

బాబూ, ఆ ఉయ్యాల పాట ఏదో ఇక్కడ పెట్టు.