తోట ఇంటికి లైన్ లేదు, సోలార్ మీదే కారు చార్జింగ్ చేస్తున్నవాళ్లు ఉన్నారా?

కదిరి_తోట:
అందరికీ నమస్కారం. కదిరి దగ్గర మాకు మామిడి తోట ఉంది, ఇల్లు కూడా అందులోనే. బోరు ఉన్నది వ్యవసాయ ఫీడరు (పొలాలకు ఇచ్చే కరెంటు లైను) మీద. ఇంటికి కరెంటు కావాలంటే రోడ్డు దగ్గరి నుంచి వేరే లైన్ లాగాలట, స్తంభాల ఖర్చంతా మాదేనట. అందుకే ఇల్లు మొదటి నుంచీ సోలార్ మీదే నడుస్తోంది. 3 కిలోవాట్ల ప్యానెళ్లు, 48 వోల్టుల 5 కేవీఏ ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీలు నాలుగు. ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ, మిక్సీ దేనికీ ఇబ్బంది లేదు.

ఇప్పుడు టియాగో ఈవీ తీసుకుందామనుకుంటున్నాం, 24 కిలోవాట్ అవర్ (అంటే 24 యూనిట్ల) బ్యాటరీది. మా ఆవిడ టీచరు, స్కూలుకు రానూపోనూ 30 కిలోమీటర్లు. షోరూంలో అడిగితే "15 ఆంప్స్ ప్లగ్ ఉంటే చాలు సార్" అన్నారు. సోలార్ బిగించినతను మాత్రం "కారు పెట్టారంటే మీ బ్యాటరీలు ఏడాది తిరక్కుండా పోతాయి" అంటున్నాడు. చేసి చూసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

గోదారి_గట్టు:
ఎందుకండీ ఈ తిప్పలు? ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకు కలిపిన సోలార్) పెట్టించి నెట్ మీటరింగ్ తీసుకోండి. పగలు గ్రిడ్‌కి ఇచ్చి రాత్రి కారుకు వాడుకోవచ్చు. పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ కూడా వస్తుంది. నేను రాజమండ్రిలో అలాగే చేశాను, బ్యాటరీల గొడవే లేదు.

కదిరి_తోట:
ఇంటికి లైనే లేదు కదండీ, నెట్ మీటర్ ఎక్కడ పెట్టమంటారు?

వోల్ట్_వాసు:
గట్టు గారూ, ఆ సబ్సిడీ గ్రిడ్‌కి కలిపిన రూఫ్‌టాప్‌కే ఇస్తారు. మీలా లైను లేని ఆఫ్‌గ్రిడ్‌కి రాదు.

కదిరి గారూ, మీకు చెప్పిన ఇద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. మన ఎండకు కిలోవాట్ ప్యానెల్ సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. అంటే మీ దగ్గర 12. ఇంటికి 4 పోయాయనుకోండి. టియాగో గోడ ప్లగ్ దగ్గర లెక్కేస్తే యూనిట్‌కు సుమారు 7 కిలోమీటర్లు వస్తుంది. డ్యాష్‌బోర్డులో ఇంకా ఎక్కువ చూపిస్తుంది, చార్జర్ తినేది అందులో కనపడదు కాబట్టి. 30 కిలోమీటర్లకు నాలుగున్నర యూనిట్లు వేసుకోండి. కాగితం మీద మిగులే.

చిక్కు యూనిట్ల దగ్గర కాదు, ఒకేసారి లాగే లోడ్ దగ్గర. 15 ఆంప్స్ ప్లగ్‌లో పెడితే కారు గంటల తరబడి ఆగకుండా రెండున్నర నుంచి మూడు కిలోవాట్లు లాగుతుంది. పగలు ఎండ బాగుంటే అది ప్యానెళ్ల నుంచే వస్తుంది. రాత్రి అయితే బ్యాటరీల్లోంచి 65–70 ఆంపియర్లు రావాలి. ట్యూబులర్ మీద 150 ఏహెచ్ అని రాసేది 10 గంటల్లో నిదానంగా, 15 ఆంపియర్ల చొప్పున తీసే లెక్క మీద. 70 లాగితే అంత రాదు. పైగా సగానికి మించి దించితే ప్లేట్లకు మంచిది కాదు. వోల్టేజీ పడిపోయి ఇన్వర్టర్ "లో బ్యాటరీ" (చార్జ్ తక్కువ) అని కూత మొదలుపెడుతుంది. రోజూ ఇదే పని చేస్తే మీ సోలార్ అతని జోస్యం ఫలిస్తుంది.

ఇంతకీ బండి పగలు ఎక్కడ ఉంటుంది?

కదిరి_తోట:
అక్కడే వచ్చింది తంటా. ఉదయం ఎనిమిదికి వెళ్తే ఐదింటికి వస్తుంది. ఆదివారం, పండగలు తప్పిస్తే ఎండ ఉన్నప్పుడు బండి ఇంట్లో ఉండదు.

బోరు_బాబాయ్:
బోరు మోటారు లైను పక్కనే ఉంది కదా, దాన్నుంచి ఒక వైరు లాగేస్తే సరి. ఎవరు చూడొచ్చారు?

వోల్ట్_వాసు:
బాబాయ్, అది వ్యవసాయానికని ఇచ్చిన ఉచిత కరెంటు. వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్ కట్టిస్తారు. పైగా ఏపీలో ఇచ్చేదే పగలు 9 గంటలు, అప్పుడు వీళ్ల బండి స్కూలు దగ్గర ఉంటుంది!

పాలమూరు_బిడ్డ:
అన్నా, నేను చేస్తున్నా. మహబూబ్‌నగర్ దగ్గర పొలం, కామెట్ ఈవీ (17.3 కిలోవాట్ అవర్), 5 కిలోవాట్ల ప్యానెళ్లు, 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు. బండి ఎక్కువగా పొలం కాడనే ఉంటది కాబట్టి పది నుంచి మూడింటి దాకా ఎండ మీదనే పెడతా.

లోడ్ సంగతి వాసు అన్న చెప్పిండు. దానికంటే ముందు నన్ను సతాయించింది ఎర్తింగ్. కొత్తల ప్లగ్ పెడితే చార్జర్ డబ్బా మీద ఎర్ర లైటు, చార్జింగే ఎక్కది. అదే డబ్బా టౌన్‌ల మా బావ ఇంట్ల పెడితే మంచిగ ఎక్కుతది. సర్వీసు వాళ్లు బండి మంచిగనే ఉందని పంపించిన్రు. ఆఖరికి ఒక పాత ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు పెట్టి చూసిండు. ఫేజుకు న్యూట్రల్‌కు 230 ఉంది. ఫేజుకు ఎర్త్‌కు 110 చిల్లర, న్యూట్రల్‌కు ఎర్త్‌కు కూడా 110 చిల్లరనే. ఇన్వర్టర్‌ల న్యూట్రల్ ఎర్త్‌కు కలిసి లేదు, గాల్లో వేలాడుతున్నదన్నమాట. కారు చార్జర్ ముందుగాల ఎర్త్ ఉందా లేదా చూస్తది, లేదనుకుంటే మొరాయిస్తది. కొత్త ఎర్త్ పిట్ తవ్వించి, ఇన్వర్టర్ అవుట్‌పుట్ న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపినంక పచ్చ లైటు వచ్చింది.

వోల్ట్_వాసు:
ఇది చదివి ఎవరూ సొంతంగా వైర్లు కలపకండి. ఆ లింకు ఒక్కచోటే ఉండాలి, దాని తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉండాలి. రేపెప్పుడో గ్రిడ్ లైన్ వచ్చి ఇన్వర్టర్ ఇన్‌పుట్‌కు కలిపితే, అటు వైపు న్యూట్రల్ ముందే ఎర్త్ అయి ఉంటుంది, అప్పుడు ఈ లింకు ఉండకూడదు. కొన్ని ఇన్వర్టర్లలో దీనికోసం లోపలే రిలే ఉంటుంది, మాన్యువల్‌లో చూడండి. మీటరు పట్టడం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని ఇది.

ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్ (లైను కరెంటు లాగే నునుపైన అల ఇచ్చేది) అయి ఉండాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. పాత స్క్వేర్‌వేవ్ డబ్బాలకు కారు తగిలించొద్దు.

కొత్త_కారు:
ప్యానెల్ నుంచి వచ్చేదీ డీసీ, కారు బ్యాటరీలో ఉండేదీ డీసీ. మధ్యలో ఏసీ చేయడం ఎందుకు? నేరుగా ఇవ్వలేమా?

వోల్ట్_వాసు:
అందరికీ వచ్చే డౌటే. కారు డీసీ పోర్టు ముందు చార్జర్‌తో మాట్లాడుకుంటుంది, తనకు ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు కావాలో చెబుతుంది, ఆ ప్రకారం వస్తేనే లోపల కాంటాక్టర్ (పెద్ద స్విచ్) కలుపుతుంది. ప్యానెల్‌కు ఆ భాష రాదు. డీసీ ఫాస్ట్ చార్జర్లు ఇంటికి అయ్యే బేరం కాదు. కాబట్టి ఏసీ దారే. కుండలోంచి కుండలోకి నీళ్లు పోసినప్పుడల్లా కాస్త ఒలికినట్టు ప్రతి మార్పులోనూ కొంత పోతుంది. ఎండ మీద నేరుగా చార్జ్ చేస్తే ఒలికేది తక్కువ, ఇంటి బ్యాటరీలో దాచి రాత్రి ఇస్తే ఇంకో పదిహేను శాతం దాకా అదనం.

డల్లాస్_మామ:
టెక్సాస్ నుంచి నా రెండు ముక్కలు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు పోయి వణికిపోయాక మా ఇంటికి గ్రిడ్ లేకపోయినా నడిచే సోలార్, బ్యాటరీ పెట్టించాను. ఇక్కడ మాకు 240 వోల్టులు, అది వేరే సంగతి. మీకు పనికొచ్చేది ఒకటుంది. టెస్లాలో స్క్రీన్ మీదే చార్జింగ్ ఆంపియర్లు 5 దాకా తగ్గించుకోవచ్చు. మబ్బు పడితే తగ్గిస్తా, ఎండ తేలితే పెంచుతా. మీ కార్లో ఆ సెట్టింగ్ లేకపోయినా, ఆంపియర్లు మార్చుకునే టైప్ 2 (కార్ల ఏసీ చార్జింగ్ ప్లగ్ రకం) పోర్టబుల్ చార్జర్లు దొరుకుతాయి కదా?

వోల్ట్_వాసు:
దొరుకుతాయి మామా. కదిరి గారి సమస్యకు సగం మందు అదే. టైప్ 2 ప్రమాణంలో కనీసం 6 ఆంపియర్లు, మన 230 వోల్టులకు 1.4 కిలోవాట్లు. రాత్రంతా 6 మీద పెడితే బ్యాటరీ మీద భారం సగానికి సగం తగ్గుతుంది. ఒక మెలిక ఉంది. చార్జింగ్ జరిగినంతసేపూ కారు సొంత ఎలక్ట్రానిక్స్ కొంత తింటూనే ఉంటాయి, నెమ్మదిగా ఎక్కిస్తే ఆ వృథా ఎక్కువసేపు సాగుతుంది. అందుకని ఆదివారం ఎండలో మాత్రం 6 మీద పెట్టకండి, 10కో 13కో పెంచండి.

పొదిలి_రైతు:
అన్నా, నాదొక చిన్న డౌటు. నాకు 7.5 హెచ్‌పీ సోలార్ పంపు ఉంది. ఏడాదిలో సగం రోజులు ఆ ప్యానెళ్లు ఊరికే ఎండుతున్నాయి. ఆ కంట్రోలర్ నుంచి కారుకు తీసుకోవచ్చా?

వోల్ట్_వాసు:
వద్దు. పంపు కంట్రోలర్ ఇచ్చేది మూడు ఫేజులు, ఎండను బట్టి ఫ్రీక్వెన్సీ మారిపోతుంటుంది. మోటారు దానికి సర్దుకుంటుంది, కారు చార్జర్ సర్దుకోదు. ప్యానెళ్లను చేంజోవర్ స్విచ్‌తో వేరే ఇన్వర్టర్‌కు మళ్లించుకోవచ్చు గానీ, పంపు స్ట్రింగు (వరసగా కలిపిన ప్యానెళ్లు) వోల్టేజీ చాలా ఎక్కువ. 540 వాట్ల ప్యానెల్ ఒక్కోటి లోడ్ లేనప్పుడు 49 వోల్టుల దాకా చూపిస్తుంది, పన్నెండు వరసగా కలిపితే 590. ఇళ్లలో వాడే హైబ్రిడ్ ఇన్వర్టర్లలో చాలావాటికి పరిమితి 450, 500. దాటితే కాలిపోతుంది. స్ట్రింగులు విడగొట్టాలి. సబ్సిడీ పంపు అయితే ముందు సబ్సిడీ ఇచ్చిన ఆఫీసులో అడిగి చేయండి. పంపుతో పాటు వేరే లోడ్లు కూడా నడిపే యూనివర్సల్ పంప్ కంట్రోలర్లు అని ఉన్నాయి, వాటి గురించి కూడా అక్కడే అడగొచ్చు.

కదిరి_తోట:
లోడ్, ఎర్తింగ్ అర్థమయ్యాయి. వానాకాలం సంగతేంటి? మా వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన పెద్దగా పడదు గానీ మబ్బు, గాలి మాత్రం దండిగా ఉంటాయి.

పాలమూరు_బిడ్డ:
మబ్బు రోజు మా దగ్గర సగమే వస్తది. ముసురు పట్టిందంటే ఇంకా అన్యాయం. అప్పుడు టౌన్‌ల బావ ఇంటికాడ పెట్టుకుంటా, మొహమాటం లేదు. రెండు మూడు రోజుల ముసురు కోసం బ్యాటరీలు కొంటా పోతే కారు కంటే బ్యాటరీలకే ఎక్కువైతది. ఇప్పుడే నా మొత్తం ఖర్చుల సగం పైన బ్యాటరీలదే.

తేలే మబ్బులు ఇంకో రకం. స్క్రీన్ మీద రెండున్నర వేల వాట్లు ఉన్నది చూస్తుండంగనే ఆరు వందలకు పడుతది, మళ్ల లేస్తది. మధ్యల బ్యాటరీ ఉంటే కారుకు తెలువనే తెలువది. బ్యాటరీ లేకుండ నడిచే ఇన్వర్టర్ అని మా ఊరాయన ఒకటి తెచ్చిండు, మబ్బు పట్టినప్పుడల్లా చార్జింగ్ తెగుతది.

గోదారి_గట్టు:
సరే, ఆన్‌గ్రిడ్ మాట వదిలేస్తున్నా 🙂 కానీ కదిరి గారూ, టౌన్‌లో మీకూ చుట్టాలు ఉంటారుగా? స్కూల్లో 15 ఆంప్స్ ప్లగ్ ఉన్నా, యూనిట్ల డబ్బు కడతామని హెడ్మాస్టర్ గారిని అడిగి చూడండి. బండి పగలంతా ఉండేది అక్కడే కదా.

కదిరి_తోట:
అది ప్రభుత్వ స్కూలండీ. మా ఆవిడ ఒప్పుకోదు, "నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు" అంటుంది. కదిరిలో మా తమ్ముడి ఇల్లు ఉంది, మబ్బుల నెలల్లో వారానికోసారి అక్కడ పెట్టుకోవచ్చు.

నెల్లూరు_నెక్సాన్:
ఇంకా కారు కొనలేదు కాబట్టి ఒక మాట. 2023లో వచ్చిన కొత్త నెక్సాన్ ఈవీలో వీ2ఎల్ (కారు నుంచి వేరే సామాన్లకు కరెంటు ఇచ్చే సదుపాయం) ఉన్న వేరియంట్లు ఉన్నాయి, కారు బ్యాటరీ నుంచి 3.3 కేవీఏ దాకా బయటికి తీసుకోవచ్చు. తమ్ముడుగారింట్లో కారు నింపుకొచ్చి, ముసురు రోజుల్లో మీ ఫ్రిజ్, ఫ్యాన్లు కారు మీదే నడుపుకోవచ్చు. టియాగోలో ఆ సదుపాయం లేదు. ధర తేడా బాగానే ఉంది, చూసుకోండి.

వోల్ట్_వాసు:
ఆలోచన బాగుంది. అయితే వీ2ఎల్‌ను ఇంటి వైరింగులోకి నేరుగా గుచ్చకూడదు, ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి విడిగా వాడుకోవాలి.

కదిరి గారూ, మీకు నేనైతే ఇలా చెబుతా. ప్యానెళ్లు 5 కిలోవాట్లకు పెంచండి, మీ ఇన్వర్టర్ అంత తీసుకుంటుందో లేదో ముందు చూసుకోండి. ట్యూబులర్లు తీసేసి 5 కిలోవాట్ అవర్ లిథియం ఫాస్ఫేట్ ప్యాకులు రెండు పెట్టండి. ఒక ప్యాకులోంచి నష్టాలు పోను 4 యూనిట్లు చేతికొస్తాయి, అంటే దాదాపు ఒకరోజు స్కూలు ప్రయాణం. రెండోది రాత్రి ఇంటికి. పాతవీ కొత్తవీ కలిపి ఒకే బ్యాంకులో మాత్రం పెట్టొద్దు. ఆదివారం ఎండలో కారును నిండుగా ఎక్కించండి. సోమవారం, మంగళవారం అసలు ప్లగ్ పెట్టాల్సిన పనే లేదు, మీ ఇంట్లో అన్నిటికంటే పెద్ద బ్యాటరీ కారులోదే. బుధవారం నుంచి రాత్రిళ్లు 6 ఆంప్స్ మీద కాస్త కాస్త. వేసవి సెలవుల్లో ఎండ దండిగా ఉంటుంది, బండేమో ఇంట్లోనే ఉంటుంది, అప్పుడు మాత్రం కరెంటు ఏం చేసుకోవాలో తెలియదు.

పాలమూరు_బిడ్డ:
లిథియం పెడితే రేకుల షెడ్డుల పెట్టకు అన్నా. మీ దిక్కు కూడ ఎండ 42, 43 దాకా పోతది కదా. నాది మొదట షెడ్డులనే ఉండె, మే నెల మధ్యాహ్నం బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) వేడి ఎక్కువైందని చార్జింగ్ బంద్ చేసేది. గోడ చాటు గదిలకు మార్చినంక మళ్ల ఆ లొల్లి లేదు.

ఇంకొకటి, ప్యానెళ్లు బోరు నీళ్లతోని కడిగితే తెల్లగ ఉప్పు మరకలు పడతయి. వాన నీళ్లు పట్టి పెట్టుకో. కోతుల సంగతి మాత్రం నన్ను అడగకు, దానికి మందు లేదు.

కదిరి_తోట:
కోతులు మాకూ ఉన్నాయి, మామిడి కాలంలో మరీను! ఇన్వర్టర్ లేబుల్ మీద చూశాను, ప్యానెళ్లు 5 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది. లిథియంకు కూడా సెట్టింగ్ ఉంది. ముందు ఎర్త్ పిట్, తర్వాత బ్యాటరీలు, మామిడి కాపు డబ్బులు చేతికొచ్చాక కారు. ఇన్వర్టర్ నుంచి కారు షెడ్డు దాకా 20 మీటర్లు ఉంటుంది. ఇంట్లో మిగిలిన 2.5 స్క్వేర్ ఎంఎం వైరు సరిపోతుందా?

వోల్ట్_వాసు:
4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేయండి, కారుకు వేరే ఎంసీబీ (లోడ్ మించితే ట్రిప్ అయ్యే స్విచ్) పెట్టండి. మామూలు 15 ఆంప్స్ సాకెట్ వద్దు, ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టండి. గంటల తరబడి 13 ఆంపియర్లు పారితే చవక సాకెట్లలో పిన్ను చుట్టూ గోధుమ రంగు తిరుగుతుంది, తర్వాత కాలిన వాసన వస్తుంది. మొదటి వారం చార్జింగ్ మొదలైన గంటకు ప్లగ్ మీద చేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చేయి తీసేయాలనిపించేంత వేడి ఉంటే ఆపేయండి. ప్యానెళ్ల వైపు డీసీ ఎంసీబీలే వాడారో లేదో కూడా ఒకసారి చూడండి, చాలామంది అక్కడ ఏసీవి బిగించి వెళ్లిపోతున్నారు.

పాలమూరు_బిడ్డ:
చార్జర్ డబ్బాను వైరు మీద వేలాడదీయకు అన్నా, గోడకు మేకు కొట్టి తగిలియ్యి. ఎండ తగలని దిక్కు.