లిమినల్‌కి తెలుగు అడిగితే పోతన దగ్గర తేలాం

నీలిసిరా: ఒక మానవశాస్త్ర వ్యాసం తెలుగు చేస్తున్నాను. మనిషిని ఒక హోదా నుంచి ఇంకోదానికి దాటించే కర్మలకి వాన్ గెనెప్ 1909లో చెప్పిన మూడు దశల్లో నడిమిది ఉంది కదా, లిమినల్, అక్కడ ఆగిపోయాను. లాటిన్ లిమెన్ అంటే గడపే గానీ, 'గడప దశ' అంటే గృహప్రవేశం అనుకుంటారు. 'సంధి దశ' అని రాసి కొట్టేశాను. ఇంతలో పోతన భాగవతంలో హిరణ్యకశిపుడు వరం అడిగే పద్యం బుర్రలో తిరగడం మొదలుపెట్టింది. 'గాలిం గుంభిని నగ్ని నంబువుల' అని ఎత్తుకుని 'రేలన్ ఘస్రములన్' దాకా వచ్చి ఆగిపోతోంది. ఆ తర్వాత సంధ్య లాంటి మాటేదో ఉన్నట్టు గుర్తు. ఎవరికైనా నోటికొచ్చా?

తాటాకు: 'నగ్ని' కాదమ్మా, 'నగ్గి'.

గాలిం గుంభిని నగ్గి నంబువుల నాకాశస్థలిన్ దిక్కులన్
రేలన్ ఘస్రములన్ దమఃప్రభల భూరిగ్రాహ రక్షోమృగ
వ్యాళాదిత్య నరాది జంతు కలహ వ్యాప్తిన్ సమస్తాస్త్ర శ
స్త్రాళిన్ మృత్యువు లేని జీవనము లోకాధీశ! యిప్పింపవే.

సంధ్య లేదు. లేకపోబట్టే కథ నడిచింది.

గళ్ళచొక్కా: మాస్టారూ, మేం బళ్ళో 'నగ్ని' అనే చదువుకున్నాం. శార్దూలానికి రెండూ ఒకటే, గురువు తర్వాత లఘువు. యతి గా-కాలకి పడుతుంది, అగ్ని అయినా అగ్గి అయినా ఏమీ మారదు. ఛందస్సు తేల్చని చోట 'నగ్గి' అని అంత గట్టిగా ఎలా అంటారు?

తాటాకు: చెవితో. కుంభిని, అంబువులు, ఘస్రములు అని వరసగా సంస్కృతం పోస్తూ మధ్యలో ఒక్క పొయ్యిలో మాట పడేయడం పోతన చెయ్యి. 'రేలన్' కూడా అచ్చ తెలుగే, గమనించావా?

గళ్ళచొక్కా: చెవి సాక్ష్యం కోర్టులో చెల్లదు మాస్టారూ.

డల్లాస్‌పక్షి: నీలిసిరా గారి ప్రశ్నకి వస్తే, మా అబ్బాయి ఖాళీ షాపింగ్ మాల్, రాత్రిపూట స్కూల్ కారిడార్ ఫోటోలు చూపించి 'లిమినల్ స్పేస్' అంటాడు. మనుషులు ఉండాల్సిన చోట ఎవరూ లేకపోతే కలిగే వెలితి అట. మీ వ్యాసంలోది ఆ లిమినలేనా?

నీలిసిరా: కాదండీ. విక్టర్ టర్నర్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1950ల్లో ఇప్పటి జాంబియాలో న్‌డెంబు తెగ వాళ్ళ మధ్య ఉండి పట్టించుకున్న లిమినల్. పాత హోదా పోయింది, కొత్తది ఇంకా రాలేదు, ఆ మధ్యలో ఉన్న మనిషి. ఫోటోల్లో మనిషే ఉండడు, ఇక్కడ మనిషే ముఖ్యం.

ఓరుగల్లుపిల్ల: అక్కా, అది మనింట్లనే ఉన్నది. మనిషి పోయినంక పన్నెండో రోజు సపిండీకరణం దాకా ప్రేతం, ఆ తర్వాతనే పితృదేవతలల్ల కలుస్తరు. ఇంట్లోళ్ళకు మైల, గుడికి పోరు, శుభకార్యాలకు పోరు. పోయినోళ్ళు కూడా మధ్యలనే, ఉన్నోళ్ళు కూడా మధ్యలనే. పురుడు కూడా అంతే. దీనికి కొత్త మాట పుట్టించుడెందుకు?

నీలిసిరా: ఉదాహరణ అద్భుతం, వ్యాసంలో పెట్టేస్తున్నా. కానీ 'ప్రేత దశ' అని శీర్షిక పెడితే చదివేవాళ్ళు పారిపోతారు తల్లీ.

గళ్ళచొక్కా: 'సంధి' ఎందుకు కొట్టేశారు? వయస్సంధి, యుగసంధి ఉన్నాయిగా.

తాటాకు: సంధి అంటే అతుకు. రాముడు, అతడు కలిసి 'రాముడతడు' అయ్యాక మధ్యలో ఎవడూ మిగలడు. లిమినల్‌లో మిగిలేదే ఆ మధ్యవాడు. పైగా మా వైపు 'వాడు సంధిలో ఉన్నాడు' అంటే జ్వరం నెత్తికెక్కి ప్రేలుతున్నాడని.

డల్లాస్‌పక్షి: త్రిశంకు?

తాటాకు: త్రిశంకుడు ఇరుక్కుపోయాడు. లిమినల్ వాడు దాటతాడు. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళి ఆగిపోయినవాళ్ళకి దాచుకోండి ఆ మాట.

గళ్ళచొక్కా: నేను పద్యం వదలను. తాటాకు గారు సంధ్య లేదన్నారు. 'తమఃప్రభల' సంగతేమిటి? తమస్సులు, ప్రభలు అని ద్వంద్వంగా తీస్తే చీకటీ వెలుగూ. అయితే 'రేలన్ ఘస్రములన్' అని రాత్రీ పగలూ అప్పుడే అడిగేశాడు, మళ్ళీ అదే అడగడం పునరుక్తి. తమస్సుతో కూడిన ప్రభ అని తీస్తే? మసక వెలుగు! అంటే సంధ్యనీ అడిగేశాడు!

తాటాకు: అలాగైతే అసురసంధ్య వేళ చంపిన నరసింహుడు బ్రహ్మ ఇచ్చిన వరాన్ని తొక్కేసినట్టే. కథే కూలిపోతుంది.

గళ్ళచొక్కా: కూలనీయండి. వ్యాకరణం ఒప్పుకుంటుందా లేదా?

తాటాకు: వ్యాకరణం చాలావాటికి ఒప్పుకుంటుంది నాయనా, పోతన ఒప్పుకోడు. పునరుక్తి కూడా కాదు. పట్టపగలు గుహలో చీకటి ఉంటుంది, అర్ధరాత్రి దీపం వెలుగు ఉంటుంది. అవీ కలుపుకున్నాడు వాడు.

ఓరుగల్లుపిల్ల: నాకు ఇంకో డౌటు. సంస్కృత భాగవతంలో వరం అడిగేకాడ 'నాంతర్బహిః' అని ఉన్నది, లోపల గాదు బయట గాదు అని. పోతన పద్యంలో అది లేనే లేదు గదా? అడగనే లేదంటే గడప మీద చంపుడెందుకు?

తాటాకు: మంచి పాయింటు పట్టావు. సంస్కృతంలో చంపే చోట కూడా ఉన్న మాట 'ద్వారి', అంటే వాకిట్లో. గడప అని మనం హరికథల్లో విని విని పెంచుకున్నాం.

కడపాయన: గడప అనగానే వచ్చేశా. మా ఊరి పేరే అది. తిరుమలకి గడప కాబట్టి దేవుని కడప. Cuddapah అని ఇంగ్లీషువాళ్ళు పాడుచేసింది 2005లో కడప అని సరిచేశారు. గ ముందా క ముందా అంటే క ముందు. 'కడచు' నుంచి కడప, దాటేది కడప. నీలిసిరా గారూ, 'కడప దశ' అని రాసేయండి, లాటినూ వచ్చింది, దాటడమూ వచ్చింది.

గళ్ళచొక్కా: అప్పుడు రాయలసీమ రాజకీయాల వ్యాసం అనుకుంటారు.

ఓరుగల్లుపిల్ల: మా అమ్మమ్మ ఇప్పటికీ కడపనే అంటది. 'కడప మీద కూసోకు' అని తిట్టు. మీ ఊరి పేరు అని గాదన్నా, మా ఇంటి మాట.

కడపాయన: సంతోషం చెల్లెమ్మా. పోతన కూడా మావాడే, ఒంటిమిట్ట.

ఓరుగల్లుపిల్ల: బమ్మెర మా జనగామ జిల్లాల ఉన్నదన్నా. ఊరి పేరే ఇంటిపేరు. ఇంకేం సాక్ష్యం కావాలె?

కడపాయన: పోతన చెప్పిన ఏకశిలానగరం అంటే ఒకే శిల మీద విగ్రహాలు చెక్కిన ఒంటిమిట్ట.

ఓరుగల్లుపిల్ల: ఏకశిల అంటే ఓరుగల్లు. ఒరు, కల్లు. మీరే విడదీసి చూడుండ్రి.

తాటాకు: ఈ తగువు నా చిన్నప్పటినుంచీ వింటున్నాను, నేను పోయాక కూడా ఉంటుంది. ఇద్దరూ కాస్త మంచినీళ్ళు తాగండి.

నీలిసిరా: అయ్యలారా, అమ్మలారా, రేపు సాయంత్రానికి వ్యాసం పంపాలి. ప్రస్తుతానికి మొదటిసారి 'లిమినల్ అనే నడిమి దశ' అని, ఆ తర్వాత ఉత్త 'నడిమి దశ' అని రాస్తున్నా. అభ్యంతరాలుంటే చెప్పండి.

డల్లాస్‌పక్షి: నడిమి అంటే నడివయసు గుర్తొస్తోందండీ, ఏమనుకోకండి.

గళ్ళచొక్కా: నాకు అభ్యంతరం లేదు. తాటాకు గారూ, మూడో పాదంలో 'వ్యాళ' అంటే పాములనే చెప్తారు కదా. మదపుటేనుగనే అర్థం కూడా ఉంది. ముందు 'మృగ' వచ్చేసింది కాబట్టి...

తాటాకు: పామే. పడుకో.